యల్లమంద అరుపు

"ఒరేయ్! ఎవడ్రా అది? గట్టు దాటితే కాళ్లిరగ్గొడతా! పో! పో! హేయ్!"

యల్లమంద పోయి మూడు పంటలు గడిచినా అతని చేలో ఈ అరుపు మాత్రం పోలేదు. తెల్లవారగానే మంచె మీది మైకులోంచి లేస్తుంది, మొక్కజొన్న మీదుగా వాగు దాకా పోతుంది, కాస్త ఊపిరి పీల్చుకుని మళ్లీ మొదటికొస్తుంది. వెల్దుర్తి పక్కన అడవి అంచున సేద్యమంటే సగం పంట పండించడం, మిగతా సగం దాన్ని చిలకల ముక్కుల్లోంచీ కోతుల చేతుల్లోంచీ పందుల కోరల్లోంచీ లాక్కోవడం. అందుకని అక్కడి రైతులు తలా ఒక అరుపు పెట్టుకున్నారు. ఒకాయన కుక్కల మొరుగుడు పెట్టాడు. ఇంకొకాయన పులి గాండ్రింపు పెడితే పందుల సంగతేమో కానీ ఆయన భార్యే జడుసుకుని చేనుకు అన్నం తేవడం మానేసింది. సరస్వతమ్మకు ఆ బాధ లేదు. ఆమెకు మొగుడి గొంతు ఉంది.

బతికున్నప్పుడు ఆ గొంతు ఆమెకు పెద్దగా నచ్చిందీ లేదు. మంచినీళ్లడిగినా ఊరంతా వినాల్సిందే. ఇప్పుడు మాత్రం ఆ అరుపు కాస్త ఆలస్యమైతే కలుపు తీస్తూ తీస్తూ చెయ్యి ఆపి వింటుంది. మళ్లీ "ఒరేయ్" అని వినబడ్డాకే చెయ్యి కదులుతుంది. మనిషి ఒకసారి పోయాడు, ఆ పోవడాన్ని ఎట్లాగో ఓర్చుకుంది. రెండోసారి పోతే ఓర్చుకోగలనా అన్నదే ఆమె భయం.

ఆ గొంతున్నది ఒక పాత ఫోన్‌లో. ఊళ్లో అందరి చేతుల్లో బొత్తాల ఫోన్లు ఉన్న రోజుల్లో, మిరప ధర బాగా పలికిన ఒక ఏడు, యల్లమంద గుంటూరు యార్డుకు కాయ వేసుకుని పోయి, వచ్చేటప్పుడు బొత్తాల్లేని ఫోన్ తెచ్చాడు. అరుగు మీద కూర్చుని, దాని వీపులోంచి సన్నటి పుల్ల ఒకటి లాగి, తెర మీద పొడిచి చూపించాడు. "దీనికి మీటల్లేవు. తెరే మీట" అని ప్రకటించాడు. జనం కొత్త పెళ్లికూతుర్ని చూడొచ్చినట్టు వచ్చి, ఒకరి తర్వాత ఒకరు నొక్కి చూశారు. పక్క చేను కోటేశ్వరరావు కూడా వచ్చాడు. వాళ్లిద్దరికీ అప్పటికింకా గట్టు తగాదా మొదలు కాలేదు. "అన్నా, నొక్కీ నొక్కీ గుంట పడుద్దేమో చూసుకో" అన్నాడు.

ఆ పుల్ల ఆ ఏటి కోతల్లోనే చేలో పోయింది. ఆ తర్వాత యల్లమంద చీపురుపుల్లతో నొక్కేవాడు. సరస్వతమ్మకూ నేర్పాడు. ఆమె వేళ్లు అప్పటికే నలభై ఏళ్లుగా మిరపకాయలు కోసీ, తొడిమలు తీసీ, చివర్లు చెక్కబారిపోయిన వేళ్లు. రేషన్ మిషన్ కూడా వాటిని గుర్తుపట్టదు, కన్ను చూపించి బియ్యం తెచ్చుకుంటుంది. ఆ ఫోన్ మాత్రం ఆమె గోటితో నొక్కినా పలికేది, పుల్లతో పొడిచినా పలికేది.

అలా ఎందుకో మాచర్లలో ఫోన్లు బాగుచేసే సుహైల్ ఒకసారి విప్పి చెప్పాడు.

"లోపల రెండు పొరలుంటయి పెద్దమ్మా. మధ్యన సందు. నొక్కితే పైది కిందిదానికి తగులుద్ది, అంతే. దానికి వేలైనా ఒకటే, పుల్లైనా ఒకటే. ఇప్పటి ఫోన్లు అట్టా కాదు. అవి నొక్కుడు చూడవు, చర్మం చూస్తయి. చర్మం మొద్దుబారితే మనిషే కాదనుకుంటయి."

"మరి ఇట్టాంటివి చెయ్యటం ఎందుకు మానేశారబ్బాయ్?"

"ఇది చేసినోళ్లు జనం పెన్నుతో రాసుకుంటారనుకున్నారు. జనమేమో వేళ్లతో రుద్దటం మొదలుపెట్టారు. అద్దం ఫోన్లొచ్చినయి, ఇట్టాంటివన్నీ కొట్టుకుపోయినయి. అయినా బొత్తాలు పీకేసే ధైర్యం ముందు చేసింది ఇవే. మీ కోడలి చేతిలో ఉన్నది దీని మనవరాలే అనుకోండి."

"మనవరాలైతే ముసలిదాని మాట వినొద్దూ? నేను వేలు పెడితే ఉలకదు, పలకదు" అంది సరస్వతమ్మ.

సుహైల్ నవ్వాడు కానీ, ఫోన్ తిరిగిచ్చేటప్పుడు నవ్వలేదు. బ్యాటరీ ఎప్పుడో ఉబ్బిపోయింది, అలాంటిది ఇప్పుడెక్కడా దొరకదు. దాని చోట అతను రెండు తీగలు అతికించి, మంచె మీద సోలార్ బ్యాటరీకి కలుపుకునే ఏర్పాటు చేశాడు. తెర మీద విమానం బొమ్మ నొక్కి నెట్‌వర్క్ ఆపేశాడు. "పెద్దమ్మా, అరిపించుకోటానికి ఇది చాలు. దీన్నుంచి ఫోన్ మాత్రం చెయ్యమాక. సిగ్నల్ వెతకటం మొదలుపెట్టిందా, ఒక్కసారిగా కరెంటు లాగుద్ది. ఈ తీగలు ఆ దెబ్బకు తట్టుకోవు. లోపల మెమరీ కూడా చానా పాతది. ఒకసారి కాలితే అందులో ఉన్నది మళ్లీ రాదు" అన్నాడు.

ఆ అరుపును ఇంకో ఫోన్‌లోకి ఎక్కించుకుంటే సరిపోయేది. కొడుకు శ్రీహరి ఎన్నిసార్లో అన్నాడు. "రేపు చేద్దాంలేరా" అనేది సరస్వతమ్మ. ఎక్కించుకున్నాక ఈ పాతదాన్ని చెత్తలో పారేస్తారని ఆమె అనుమానం. ఆ రేపు రానే లేదు.

ఇక ఆ గట్టు సంగతి. యల్లమందకూ కోటేశ్వరరావుకూ మధ్య రెండు నాగటి చాళ్ల వెడల్పు నేల మీద తగాదా వచ్చింది. పంచాయితీ తెగలేదు. సరిగ్గా ఆ వారంలోనే యల్లమంద మంచె ఎక్కి ఈ అరుపు రికార్డు చేశాడు. "పందుల పేరు చెప్పి నన్ను తిడతన్నాడు" అని కోటేశ్వరరావు నలుగురిలో అన్నాడు. యల్లమంద కాదనలేదు, అవుననలేదు. ఆ రోజు నుంచి కోటేశ్వరరావు గట్టు దాటలేదు. అతని గేదె దాటితే కూలి మనిషిని పంపించి తోలించుకునేవాడు. యల్లమంద పోయిన రోజు కూడా రోడ్డు మీదే నిలబడి దణ్ణం పెట్టి వెళ్లిపోయాడు. మైకు తిట్టినప్పుడల్లా తన చేలోంచి జవాబు చెప్పడం మాత్రం అలవాటు చేసుకున్నాడు. "ఆ, తిట్టన్నా తిట్టు. చచ్చినా నీ నోరు మూతపడలా" అనేవాడు.

ఆ రోజు ఊళ్లో పెళ్లి. కూలీలెవరూ చేలకు రాలేదు. శ్రీహరి మొదటి కోత మిరపకాయ వేసుకుని గుంటూరు యార్డుకు పోయాడు. కరెంటు ఇచ్చేది మధ్యాహ్నం కాబట్టి అత్తాకోడళ్లు ఇద్దరే నీళ్లు పెట్టడానికి వచ్చారు. కంకులు పాలు పట్టి ఉన్నాయి. చేను తలెత్తి చూసినా ఆకాశం తప్ప ఇంకేమీ కనబడనంత ఎత్తు పెరిగింది.

కోడలు బిందు నీళ్లు మళ్లించే మడవ తిప్పడానికి వంగింది. కాలువకు అడ్డం పెట్టిన గడ్డి కుప్పను కుడిచేత్తో లాగింది. వెంటనే చెయ్యి విదిలించుకుని రెండడుగులు వెనక్కి వేసింది.

"అత్తా, ముల్లు..." అని ఆగిపోయింది.

గడ్డి లోంచి ముల్లు కాదు లేచింది. జానెడు ఎత్తున పడగ లేచి, అటూ ఇటూ ఊగి, మెల్లగా దిగి, మొక్కజొన్న మొదళ్ల మధ్యకు జారిపోయింది. దాని తోక కనుమరుగయ్యేదాకా ఇద్దరూ కదల్లేదు.

బిందు మణికట్టు పైన రెండు చుక్కలు. వాటిలోంచి సన్నగా రక్తం.

సరస్వతమ్మ కోడల్ని పట్టుకుని కాలువ గట్టు మీద కూర్చోబెట్టింది. ఆశా కార్యకర్త వరలక్ష్మి ఇంటింటికీ తిరిగి చెప్పిన మాటలు ఒక్కొక్కటీ గుర్తొచ్చాయి. కొయ్యొద్దు, నోటితో పీల్చొద్దు, గట్టిగా కట్టొద్దు, నడిపించొద్దు, నూట ఎనిమిదికి ఫోన్ చెయ్యాలి. ఆమె వచ్చి చెప్పిన రోజు సరస్వతమ్మ శెనక్కాయలు ఒలుచుకుంటూ సగం చెవితో విన్నది. ఆ సగమైనా విన్నందుకు ఇప్పుడు దేవుడికి దణ్ణం పెట్టుకుంది.

"ఫోన్ ఏదే? నీ ఫోన్ ఏది?"

చెయ్యి విదిలించినప్పుడు నడుముకు దోపుకున్నది జారి కాలువలో పడింది. బిందు ఎడమచేత్తో తీసి, చీర కొంగుతో తుడిచి నొక్కింది. తెర వెలిగింది. సరస్వతమ్మకు పోయిన ప్రాణం లేచొచ్చింది. కానీ తెర మీద నిలిచిన నీటి చుక్కలు వాటంతట అవే వేళ్లలా నొక్కుకుంటూ పోయాయి. ఒక పాట మొదలై ఆగింది. ఏవో బొమ్మలు పైకి కిందికి పరుగెత్తాయి. చివరికి కెమెరా తెరుచుకుని, సరస్వతమ్మ ముఖం ఆమెకే కనబడింది. ఆ ముఖాన్ని చూశాక ఆమెకు ఇంకా భయమేసింది.

"అత్తా, కళ్లు మూతలు పడతన్నయి. తెరుద్దామన్నా రావట్లా" అంది బిందు. మాట ముద్దగా వచ్చింది.

"పడుకోమాకే! నా వంక చూడు. ఏమే, ఇటు చూడు!"

సరస్వతమ్మ ఫోన్ లాక్కుని తన వేలితో రుద్దింది. పలకలేదు. వేలు నాలిక మీద తడి చేసుకుని రుద్దింది. పలకలేదు. గోటితో పొడిచింది, అయినా లేదు. తన జన్మంతా పని చేసిన వేళ్లను ఆ అద్దం మనిషి వేళ్లనుకోవడమే లేదు. అప్పుడు బిందు చూపుడు వేలు పట్టుకుని, పలక మీద పిల్లచేత దిద్దించినట్టు తెర మీద దిద్దించింది. అంకెలు కనబడ్డాయి. ఒకటి పడింది. సున్నా మీదికి వేలు లాగేలోపు తెర మీద గీతలు గీతలుగా వచ్చి, మొత్తం నల్లబడింది. మళ్లీ వెలగలేదు.

"కోటేశ్వర్రావా! ఓ కోటేశ్వర్రావా! పాము కరిచిందయ్యో!"

ఆమె ఉన్న బలమంతా పెట్టి అరిచింది. నెత్తిన ఉన్న మైకు అంతకంటే బలంగా అరిచింది. "ఒరేయ్! ఎవడ్రా అది? గట్టు దాటితే కాళ్లిరగ్గొడతా!"

అది ఆగిన సందులో మళ్లీ అరిచింది. దూరంగా గట్టుకు అవతలి నుంచి, తీరిగ్గా, అన్నం నముల్తూ అన్నట్టు జవాబొచ్చింది. "ఆ, తిట్టు తిట్టు!"

ఇన్నేళ్లుగా ఈ చేలోంచి అరుపులు తప్ప ఇంకేమీ వినని మనిషికి ఇది నిజమైన అరుపని ఎలా తెలుస్తుంది? పందుల్ని తోలడానికి పెట్టుకున్న గొంతు మనుషుల్ని కూడా తోలేసింది. పరుగెత్తుకుపోదామంటే మోకాళ్లు సహకరించవు. పోయి వచ్చేలోపు బిందు ఒంటరిగా, పాము దూరిన చేలో పడి ఉంటుంది.

తల పైకెత్తి మంచె వైపు చూసింది.

సిమ్ అందులోనే ఉంది. దానికి రీచార్జి చేసి ఎన్నాళ్లయిందో. నూట ఎనిమిదికి డబ్బులు అక్కర్లేదని వరలక్ష్మి అన్నట్టు గుర్తు. ఆ ఫోన్ ఆమె గోటికి పలుకుతుంది. కానీ అందులోంచి ఫోన్ చేస్తే ఏమవుతుందో సుహైల్ చెప్పిందీ గుర్తుంది.

"బిందూ, ఇదిగో వస్తన్నా. కళ్లు మూయమాకమ్మా" అని చెప్పి నిచ్చెన పట్టుకుంది. ఎప్పుడూ శ్రీహరి ఎక్కే నిచ్చెన అది. ఒక్కో మెట్టుకూ మోకాలు కలుక్కుమంది. సగంలో ఒకసారి కిందికి చూస్తే, బిందు తల ఒక పక్కకు వాలి ఉంది. మళ్లీ చూడలేదు.

పైన, ప్లాస్టిక్ డబ్బాలో, దుమ్ము పట్టి, ఆ ఫోన్ పని చేసుకుంటూ ఉంది. పక్కనే గుచ్చి ఉంచిన చీపురుపుల్ల. మైకు ఇంత దగ్గరగా అరిస్తే చెవులు చిల్లులు పడుతున్నాయి. అయినా ఆ దగ్గరలో అరుపుకు ముందు ఒక చిన్న దగ్గు వినబడింది. అరవబోయే ముందు యల్లమంద గొంతు సవరించుకునే దగ్గు. కింద నుంచి అది ఎన్నడూ వినబడలేదు. ఈ ఫోన్‌లో ఆయన దగ్గు కూడా ఉందని ఆమెకు ఇన్నాళ్లూ తెలియదు.

పుల్ల పట్టుకున్న చెయ్యి ఆగింది. ఒక్క ఊపిరి సేపే. దాని గురించి ఆ తర్వాత ఆమె ఎవరికీ చెప్పలేదు, తనను తాను క్షమించుకోనూ లేదు.

"నువ్వైనా ఇదే చేద్దువుగా" అని ఫోన్‌తో అంది. అరుపు పూర్తయ్యేదాకా కూడా ఆగకుండా నొక్కింది.

మైకు మధ్యలో తెగింది. ఆమె విమానం బొమ్మ మీద పొడిచింది. సిగ్నల్ గీతలు వెతుక్కుంటూ ఒకటి లేచింది, పడింది, మళ్లీ లేచింది. ఒకటి నొక్కింది. సున్నా. ఎనిమిది. పచ్చ గుర్తు. చెవి దగ్గర పెట్టుకుంటే లోపల ఏదో గీరినట్టు చప్పుడైంది. ఎవరో ఎత్తబోతున్నారనుకుంది. అంతలో తెర తెల్లబడింది. తీగలు అతికించిన చోట చిటుక్కుమంది. కాలిన వాసన వచ్చింది. తెర మెల్లగా నల్లబడి, అలాగే ఉండిపోయింది.

అరుపూ పోయింది, కబురూ పోలేదు.

సరస్వతమ్మ చేలో ఇంత నిశ్శబ్దాన్ని ఎన్నడూ వినలేదు. గాలికి ఆకులు రాసుకున్న చప్పుడు కూడా ఏదో పాకుతున్నట్టే ఉంది. కేకేద్దామని నోరు తెరిస్తే గొంతులోంచి గాలి తప్ప మాట రాలేదు. ఇందాక అరిచిన అరుపులకు అది పూడుకుపోయింది. ఎలా దిగిందో తెలియదు, చివరి మెట్ల మీంచి జారి పడింది కూడా. పాక్కుంటూ బిందు దగ్గరికి వచ్చి తల ఒళ్లో పెట్టుకుంది.

బిందు కళ్లు సగం మూసుకుని ఉన్నాయి. నోటి చివర నుంచి చొంగ కారుతోంది. "నాలిక... అత్తా..." అని ఏదో అనబోయింది. ఛాతీ పైకి లేవడానికి కష్టపడుతోంది. సరస్వతమ్మ ఆమె ఊపిరికి తన ఊపిరి కలిపి, ప్రతి ఊపిరికీ ఇంకొకటి వస్తుందా రాదా అని కాచుకుని కూర్చుంది. తన చేతుల్లోనే పోతుంది, తాను చూస్తూ ఉండగానే పోతుంది అనుకుంది. ఆ పాత ఫోన్‌ను చంపి కూడా ఏమీ సాధించలేకపోయాననుకుంది.

మొక్కజొన్న కదిలింది.

గాలికి కాదు. కర్రలు పటపటా విరుగుతున్నాయి. ఏదో బరువైనది చేనును తొక్కుకుంటూ నేరుగా వాళ్ల వైపే వస్తోంది. పంది. అరుపు ఆగిందని తెలిసి అప్పుడే వచ్చేసిందనుకుంది. చేతికి అందిన మట్టిగడ్డ పట్టుకుని, కోడలి మీదికి వంగిపోయింది.

ఆకుల్ని చీల్చుకుని బయటపడింది కోటేశ్వరరావు. చేతికి ఇంకా అన్నం మెతుకులున్నాయి.

"ఏంది వదినా? అన్న అరుపు ఆగిందేంది?" అన్నాడు. అప్పుడు బిందును చూశాడు.

ఆ తర్వాత మాటలు పెద్దగా జరగలేదు. "నాగుబాము" అంది సరస్వతమ్మ, వచ్చీ రాని గొంతుతో. "మంత్రం వేసే ఆయన..." అని అతను మొదలుపెట్టాడు. "మంత్రం వద్దు, మాచర్ల ఆసుపత్రి" అంది. బిందును భుజాన వేసుకుని, ఆ గట్టు మీదుగానే తన మోటారు బండి దగ్గరికి పరుగెత్తాడు. తువ్వాలుతో ఆమెను తన నడుముకు కట్టేసుకున్నాడు. వెనక సరస్వతమ్మ కూర్చుని, కోడలి తల పడిపోకుండా రెండు చేతులా పట్టుకుంది.

ఆ దారి పొడుగునా సరస్వతమ్మ ఒక్కటే పని చేసింది. బిందు వీపు మీద తన చెంప ఆనించి, ఊపిరి ఉందో లేదో విన్నది. గతుకు వచ్చినప్పుడల్లా ఆ చప్పుడు పోయేది. మళ్లీ దొరికేదాకా ఆమెకు లోకం లేదు. "మాట్లాడించొదినా, నిద్ర పోనీయమాక" అని కోటేశ్వరరావు ముందు నుంచి కేకలేస్తున్నాడు. ఆమెకు గొంతు లేదు. అందుకని అతనే మాట్లాడాడు. పెళ్లిలో వంకాయ కూర మాడిందట అన్నాడు. గేదె ఈనబోతోందన్నాడు. ఏమీ తోచనప్పుడు, "ఒరేయ్! ఎవడ్రా అది? గట్టు దాటితే కాళ్లిరగ్గొడతా!" అని యల్లమంద అరుపునే అరిచాడు. బిందు వీపు కాస్త కదిలింది. దాంతో మాచర్ల దాకా అదే అరుస్తూ పోయాడు. దారిన పోయేవాళ్లు తాగి ఉన్నాడనుకున్నారు.

మాచర్లలో సూది మందు మొదలుపెట్టి, ఊపిరికి గొట్టం పెట్టి, నరసరావుపేట పంపారు. శ్రీహరి గుంటూరు నుంచి నేరుగా అక్కడికే వచ్చాడు. ఆ రాత్రంతా బిందు ఛాతీ మిషన్ చెప్పినట్టు లేచి పడింది. సరస్వతమ్మ గాజు తలుపు బయట నిలబడి దాన్నే చూసింది. ఎవరు కూర్చోమన్నా కూర్చోలేదు. మర్నాడు మధ్యాహ్నం బిందు కనురెప్పలు వాటంతట అవే లేచాయి. గొట్టం వల్ల మాట రాలేదు కానీ, అత్త వేలు పట్టుకుని నొక్కింది.

ఆ మొద్దు వేలికి ఆ నొక్కు బాగా తెలిసింది. అప్పుడు ఏడ్చింది సరస్వతమ్మ.

కోటేశ్వరరావు ఆసుపత్రి మెట్ల మీద శ్రీహరికి చెప్తుంటే ఆమె విన్నది. "ఆగిపోంగానే ముందు హాయిగా అనిపిచ్చిందిరా. పీడ వదిలిందనుకున్నా. ముద్ద నోటి దాకా తీసుకుపోయినా. లోపలికి పోదే! ఏళ్ల తరబడి ఒక్క పూట మానని మనిషి ఇయ్యాల మధ్యలో ఎందుకు ఆపాడు అనిపిచ్చింది. చచ్చిపోయినాడన్న సంగతే గుర్తు రాలా. అన్నకేదో అయిందనుకునే పరిగెత్తినా."

పాత ఫోన్‌ను శ్రీహరి సుహైల్ దగ్గరికి తీసుకుపోయాడు. సుహైల్ దాన్ని రెండు రోజులు బల్ల మీద పెట్టుకుని, తనకు తెలిసినవన్నీ చేసి, చివరికి గుడ్డలో చుట్టి తిరిగిచ్చాడు. డబ్బులు తీసుకోలేదు. సరస్వతమ్మ దాన్ని బీరువాలో, యల్లమంద పంచెల మధ్య పెట్టింది.

బిందు ఇంటికి వచ్చేసరికి చేను సగం పాడైంది. చిలకలు కంకుల మీద సంత పెట్టాయి, పందులు ఒక మూల దున్నినట్టే చేశాయి. కుక్కల మొరుగుడు పెడదామన్నాడు శ్రీహరి. సరస్వతమ్మ ఒప్పుకోలేదు. అలాగని చేలో ఆ నిశ్శబ్దంలో ఉండనూ లేకపోయింది. మడవ దగ్గరికి పోవాలంటే కాళ్లు రావడం లేదు. గడ్డి కదిలినా, ఆకు కదిలినా ఉలిక్కిపడుతోంది.

ఒక సాయంత్రం బిందు మంచె కింద నిలబడింది. కుడిచేతికి ఇంకా కట్టు ఉంది. ఎడమచేత్తో కొత్త ఫోన్ పట్టుకుని, "అత్తా, నువ్వే అరువు. మామ అరిచినట్టే అరువు. నేను ఎక్కిస్తా" అంది.

"నా గొంతుకు చీమైనా భయపడదే."

"నేను భయపడతాగా. అరువు."

సరస్వతమ్మ కొంగు నడుముకు దోపుకుంది. చేను వైపు తిరిగింది. అరవబోయే ముందు ఎందుకో గొంతు సవరించుకుంటూ చిన్నగా దగ్గింది. ఆ దగ్గు ఎక్కడిదో ఆమె ఒక్కదానికే తెలుసు.

"ఒరేయ్! ఎవడ్రా అది? గట్టు దాటితే..."

అక్కడ ఆగిపోయింది. విరిగిన మొక్కజొన్న కర్రలు గట్టు నుంచి కాలువ దాకా దారి చేసినట్టు ఇంకా అలాగే పడి ఉన్నాయి. ఆ దారిని చూస్తూ ఆ మాట ఎలా అనగలదు? బిందు ఆపుదామని తెర మీదికి వేలు తీసుకుపోయింది.

గట్టుకు అవతలి నుంచి పెద్ద గొంతు లేచింది.

"కాళ్లిరగ్గొడతా! అనొదినా ఆ మాట! అది లేకపోతే పందులు లెక్కచెయ్యవు!"

బిందు వేలు వెనక్కి తీసుకుంది. రెండు గొంతులూ అందులో పడ్డాయి, చివర్న సరస్వతమ్మ ఏడుపో నవ్వో కూడా పడింది. శ్రీహరి కత్తిరిస్తానంటే ఆమె వద్దంది.

ఇప్పుడు ఆ చేలో తెల్లవారగానే ఆ అరుపే లేస్తుంది. వాగు దాకా పోయి, కాస్త ఊపిరి పీల్చుకుంటుంది. ఆ సందులో సరస్వతమ్మ కలుపు తీస్తూ చెయ్యి ఆపి వింటుంది. గట్టుకు అవతల కోటేశ్వరరావు పార కూడా అప్పుడే ఆగుతుంది.